పాట ఎంత అమ్ముడైంది, రేడియోలో ఎన్నిసార్లు వచ్చింది: ప్రైవేటు పాటలు చేసేవారికి ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ మీ తమ్ముడూ కలిసి నాలుగు ప్రైవేటు పాటలు చేశారు. మాటలు, గానం మీవి. బాణీ, వాద్యాల కూర్పు తమ్ముడివి. ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్‌లలో పెట్టారు, యూట్యూబ్‌లో సొంత చానల్ ఉంది. ఈ మధ్య విజయవాడ స్నేహితుడొకరు కారులో వెళ్తూ ఎఫ్‌ఎంలో మీ పాట విన్నానని చెప్పారు. పాట ఎంత అమ్ముడవుతోందో, రేడియోలో ఎన్నిసార్లు వేశారో ఎవరు చెబుతారు, అమెరికాలో పాటల అమ్మకాలు లెక్కపెట్టే సౌండ్‌స్కాన్ ఉందంటారు కదా, మనకూ అలాంటిది ఉందా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. రెండు లెక్కలూ కలిపి చూపించే ఒకే చోటు మనకు లేదు. స్ట్రీమింగు, డౌన్‌లోడ్ల లెక్క మీరు ప్రత్యేకంగా ఏమీ చేయకపోయినా డిస్ట్రిబ్యూటర్ డ్యాష్‌బోర్డుకు వస్తుంది, కోడ్‌లు సరిగ్గా ఉంటే చాలు. రేడియో లెక్క మాత్రం దానంతట అది రాదు. ఏ పాట ఎప్పుడు వేశారో నమోదయ్యే స్టేషన్ వాళ్ల ప్లే లాగ్, శబ్దాన్ని విని పాటను గుర్తుపట్టే మానిటరింగ్ సేవలు, పాట వాడినందుకు సొమ్ము వసూలు చేసి హక్కుదారులకు పంచే హక్కుల సంఘాల రాయల్టీ స్టేట్‌మెంట్లు: ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట వెతుక్కోవాలి. అక్కడ మీ పాట ముందే నమోదై లేకపోతే వందసార్లు వేసినా మీ ఖాతాలో ఒక్కటీ పడదు.

నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక ఎఫ్‌ఎం స్టేషన్ మ్యూజిక్ లైబ్రరీ చూశాను. ఇప్పుడు చిన్న లేబుళ్లకు, సొంతంగా పాటలు చేసుకునేవాళ్లకు ఈ కోడ్‌లు, రిజిస్ట్రేషన్లు, రిపోర్టుల పని చేసిపెడుతున్నాను. లాగ్ రాసే వైపూ తెలుసు, ఆ లాగ్‌లో తన పాట కోసం వెతుక్కునేవాళ్ల అవస్థా తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

లెక్కలోకి వచ్చేది మీ పేరు కాదు, మీ రికార్డింగు కోడ్.

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ దేశానికో ఏజెన్సీకో చెందినవి, తర్వాతి మూడు ఆ కోడ్ తీసుకున్నవారివి, ఆపై రెండంకెలు సంవత్సరం, చివరి ఐదు వరుస సంఖ్య. ఊరికే నమూనాకు: ఐఎన్-ఎక్స్7వై-25-00014. మన దేశంలో వీటిని కేటాయించే ఏజెన్సీ ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ, అంటే ఐఎంఐ. విడిగా తీసుకునే ఓపిక లేనివాళ్లు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిందే వాడతారు, తప్పేమీ లేదు. అది క్యూజెడ్ అనే అక్షరాలతో మొదలైతే కొందరు కంగారు పడతారు. అది అమెరికా కేటాయింపులోని గుర్తు, అంతే. పాట మీదే, హక్కులూ మీవే.

ఆల్బమ్‌కో సింగిల్‌కో మొత్తంగా ఉండేది యూపీసీ. సబ్బుపెట్టె మీద ఉండే బార్‌కోడే అది. మూడోది ఐఎస్‌డబ్ల్యూసీ. చాలామందికి దీని సంగతే తెలియదు. ఇది రికార్డింగుకు కాదు, మాటలూ బాణీ కలిసిన రచనకు. టీ అనే అక్షరంతో మొదలవుతుంది, హక్కుల సంఘంలో రచనను నమోదు చేశాక వస్తుంది.

ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా సులువు. మీ పాటను రేపు ఇంకో గాయని పాడి విడుదల చేస్తే ఐఎస్‌ఆర్‌సీ కొత్తది వస్తుంది, ఐఎస్‌డబ్ల్యూసీ మాత్రం మీ పాతదే. మీరే రీమిక్స్ చేసినా, కచేరీలో పాడిన లైవ్ రికార్డింగు విడుదల చేసినా కొత్త ఐఎస్‌ఆర్‌సీ కావాలి. ఉన్న రికార్డింగునే ఇంకో ఆల్బమ్‌లో చేర్చినప్పుడు మాత్రం పాత కోడే ఉండాలి. ఎక్కువ నష్టాలు జరిగేది ఇక్కడే.

కరీంనగర్ వైపు ఒక జానపద గాయని ఉన్నారు. ఆవిడ బతుకమ్మ పాట రెండు సీజన్లు బాగా నడిచింది. తర్వాత ఏడాది రుసుము తక్కువని డిస్ట్రిబ్యూటర్‌ను మార్చారు. కొత్తవాళ్ల ఫారంలో 'మీ దగ్గర ఐఎస్‌ఆర్‌సీ ఉందా' అన్న గడిని ఖాళీగా వదిలేశారు. వాళ్ల సిస్టమ్ కొత్త కోడ్ పుట్టించింది, పాత పేజీ తీసేశారు, కొత్త పేజీలో ప్లేల సంఖ్య సున్నాతో మొదలైంది. ప్లేలిస్టుల్లో ఉన్న పాట కూడా పోయింది. పాత రిపోర్టులోంచి కోడ్ వెతికి, అదే ఆడియో ఫైలు, అదే పేరు, అదే నిడివితో మళ్లీ పంపిస్తే కొన్ని వారాలకు స్పాటిఫైలో పాత లెక్క తిరిగి కలిసింది. మరో రెండు యాప్‌లలో కలవలేదు. కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ను మార్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే ముందు నాలుగు పాటల ఐఎస్‌ఆర్‌సీలు, యూపీసీలు ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త చోట పాట కనిపించాకే పాత చోటు నుంచి తీయించండి.

పేరు స్పెల్లింగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగు పేర్లకు రోమన్ లిపిలో ఒక పద్ధతి లేదు. శ్రీనివాస్ అనే పేరు ఒక పాటలో ఒక 'ఐ'తో, ఇంకో పాటలో రెండు 'ఈ'లతో, మూడో పాటలో ఇంటిపేరు ముందు చేరి ఉంటుంది. యాప్‌కు వీళ్లు ముగ్గురు వేరువేరు మనుషులు. మూడు ఆర్టిస్ట్ పేజీలు, మూడు చోట్లకు చీలిన లెక్క. పాన్ కార్డు మీద ఎలా ఉందో అలాగే అన్నిచోట్లా రాయమని నేను అందరికీ చెబుతాను. హక్కుల సంఘంలో కూడా చివరికి ఆ పేరే అడుగుతారు.

స్ట్రీమింగు లెక్కలో గుర్తుంచుకోవలసినవి

స్పాటిఫైలో ముప్పై సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్‌గా లెక్క. 2024 నుంచి, అంతకుముందు పన్నెండు నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేని పాటకు అక్కడ డబ్బు రాదు. లెక్క కనిపిస్తుంది, సొమ్ము కనిపించదు. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్, యాపిల్ మ్యూజిక్ ఫర్ ఆర్టిస్ట్స్ వంటి పేజీల్లో అంకెలు ఒకటి రెండు రోజుల్లో వస్తాయి. డిస్ట్రిబ్యూటర్ పంపే అమ్మకాల రిపోర్టు మాత్రం సాధారణంగా రెండు మూడు నెలలు వెనకబడి ఉంటుంది. ఈ రెండూ సరిపోలడం లేదని ప్రతి నెలా ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. సరిపోలవు. మొదటిది వినికిడి లెక్క, రెండోది డబ్బు లెక్క.

రీల్స్‌లో 'ఇన్ని వేల మంది వాడారు' అన్నది స్ట్రీమ్ కాదు. కాలర్ ట్యూన్లకు చాలామంది డిస్ట్రిబ్యూటర్ల దగ్గర విడిగా ఒప్పుకోవాలి, వాటి లెక్క అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే ఎంపీ3కీ, జాతరలో అమ్మే పెన్‌డ్రైవ్‌లోని పాటకీ ఎక్కడా లెక్క ఉండదు. మన జానపదాలు జనంలోకి వెళ్లేది ఎక్కువగా ఆ దారుల్లోనే అన్నది వేరే సంగతి.

యూట్యూబ్‌లో రెండు లెక్కలుంటాయి. మీ చానల్లోని వీడియో వ్యూస్ మీకు యూట్యూబ్ స్టూడియో పేజీలో కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ పంపిన ఆడియో 'టాపిక్' అనే విడి చానల్లో పడుతుంది, దాని లెక్క డిస్ట్రిబ్యూటర్ రిపోర్టులో వస్తుంది. ఊళ్లో డీజే ఎవరో మీ పాటతో వీడియో పెడితే దాన్ని పట్టుకునేది కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ గుర్తింపు వ్యవస్థ. అది డిస్ట్రిబ్యూటర్ ద్వారానే, చాలాచోట్ల అదనపు రుసుముతో దొరుకుతుంది. దీని గురించి ఒక హెచ్చరిక ఉంది, రేడియో దగ్గర చెబుతాను, ఎందుకంటే రెండుచోట్లా జబ్బు ఒకటే.

ఇక రేడియో

ఎఫ్‌ఎం స్టేషన్‌లో ఒక ప్రైవేటు పాట ప్రయాణం ఎలా ఉంటుందో చూస్తే మీకు లెక్క ఎక్కడ పోతుందో తెలుస్తుంది. పాట మెయిల్లోనో పెన్‌డ్రైవ్‌లోనో వస్తుంది. ప్రోగ్రామింగ్ హెడ్ విని సరే అంటే లైబ్రరీకి వస్తుంది. అక్కడ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాటకు ఒక కార్డు తయారవుతుంది: పాట పేరు, గాయకుడు, సంగీతం, సాహిత్యం, లేబుల్, సంవత్సరం, వేగం, ఏ పూట వేయాలి. సాఫ్ట్‌వేర్ రోజువారీ జాబితా వేస్తుంది. స్టూడియోలో నిజంగా ఏది ఎప్పుడు ప్రసారమైందో ఇంకో లాగ్‌లో సెకన్లతో సహా నమోదవుతుంది. హక్కుల సంఘాలకు, లేబుళ్లకు వెళ్లే నివేదికలు ఈ లాగ్‌లోంచే వస్తాయి.

సినిమా పాటలకు పెద్ద లేబుళ్లు వివరాలన్నీ నింపి పంపుతాయి. ప్రైవేటు పాటకు ఎవరు నింపుతారు? లైబ్రరీలో ఉన్నవాడి ముందు పాతిక పాటలు ఉంటాయి, ఫైలులో ఏ పేరు ఉంటే అదే కార్డులోకి ఎక్కుతుంది. కార్తీక మాసంలో ఒక శివుడి పాట తెల్లవారుజామున దాదాపు రోజూ వేసేవారు. ఆ లాగ్ వరస ఇలా ఉండేది: '5:42:10, ఫైనల్ మిక్స్ న్యూ 3, అన్‌నోన్, 4:11'. పాడినాయన గుంటూరు దగ్గర బడిపంతులు. నెల పొడుగునా పాట మోగింది, నివేదికలో మాత్రం ఫైనల్ మిక్స్ న్యూ 3 అనే పాటను అన్‌నోన్ అనే గాయకుడు పాడాడు. ఆయన పేరు, పాట పేరు, రచయిత పేరు సరిదిద్దింది కార్తీకం వెళ్లిపోయాక.

అందుకే రేడియోకు పాట పంపేటప్పుడు ఫైలే మాట్లాడేలా పంపండి. ఫైలు పేరులో పాట పేరు, గాయకుడి పేరు ఉండాలి. ఫైలు లోపలి ట్యాగులలో రచయిత, స్వరకర్త, లేబుల్, సంవత్సరం, ఐఎస్‌ఆర్‌సీ నింపాలి. వీటికోసం ఉచిత ట్యాగ్ ఎడిటర్లు బోలెడున్నాయి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే ధ్వని నలిగిపోవచ్చు, ఫైలు పేరూ మారిపోవచ్చు. మెయిల్లో లింకుగా పంపండి. వెంట ఒక పేజీ పెట్టండి: పాట తెలుగు పేరు, రోమన్ స్పెల్లింగు, నిడివి, అందరి పేర్లు, కోడ్‌లు, రికార్డింగు యజమాని ఎవరు, ఫోన్ నంబరు. అంత ముస్తాబుతో వచ్చిన పాటను పక్కన పడేయడానికి లైబ్రరీవాడికి కూడా మనసొప్పదు, నమ్మండి.

ఇప్పుడు మానిటరింగ్ సేవలు. ఇవి రేడియో ప్రసారాన్ని అదేపనిగా వింటూ, తమ దగ్గరున్న పాటల శబ్ద ముద్రలతో పోల్చి, ఏది ఎప్పుడు వచ్చిందో రాసిపెడతాయి. బార్సిలోనాకు చెందిన బీమ్యాట్ ఎక్కువగా హక్కుల సంఘాలకు, లేబుళ్లకు పనిచేస్తుంది. డెన్మార్క్‌కు చెందిన వార్మ్‌లో ఒక్కో పాటకు చందా కట్టి మామూలు గాయకులు కూడా చూసుకోవచ్చు. యాపిల్ మ్యూజిక్ ఫర్ ఆర్టిస్ట్స్‌లోనూ రేడియో ప్లేల విభాగం ఉంది, అదనపు డబ్బు అడగదు.

అయితే చందా కట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: మీరు వినే స్టేషన్ల జాబితాలో మా స్టేషన్ ఉందా? ఈ విదేశీ సేవలు చాలావరకు స్టేషన్ల ఇంటర్నెట్ ప్రసారాన్ని విని లెక్కపెడతాయి. మన ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఎక్కువభాగం గాలిలో వచ్చే ప్రసారాన్ని యథాతథంగా ఇంటర్నెట్‌లో ఇవ్వవు. వినబడని స్టేషన్‌ను లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. ఆకాశవాణి కేంద్రాల ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తాయి కాబట్టి వాటిని వినే వీలుంది. ఎఫ్‌ఎంలను రిసీవర్లు పెట్టి నేరుగా వినే సేవలు దేశంలో పెద్ద లేబుళ్ల కోసం ఉన్నాయి, నాలుగు పాటలవాళ్లకు ఆ ఖర్చు దండగ.

ముద్ర పోల్చడంలో చిక్కులున్నాయి. మీ మాస్టర్ ఫైలు, అంటే తుది ఆడియో, వాళ్ల దగ్గర లేకపోతే మీ పాట ఎప్పటికీ 'గుర్తు తెలియనిది'గానే పోతుంది. డిస్ట్రిబ్యూటర్లు కొందరు ఇలాంటి సేవలకు, వినిపిస్తున్న పాట ఏదో చెప్పే షాజామ్ యాప్‌కు ఫైళ్లు పంపుతారు, కొందరి దగ్గర విడిగా టిక్కు పెట్టాలి. ఆర్‌జే మాటల వెనక ఇరవై సెకన్లు వినిపించి ఆపేస్తే పట్టకపోవచ్చు. స్టేషన్‌కు ఒక మిక్స్, యాప్‌లకు ఇంకో మిక్స్ ఇస్తే అసలు కలవకపోవచ్చు.

ఇందాక హెచ్చరిక అన్నది ఇది. ఇంటర్నెట్‌లో కొన్న బీట్, అంటే ముందే చేసిపెట్టిన వాద్య సంగీతం మీద పాట చేస్తే, లెక్క వేరేవాళ్ల ఖాతాలో పడే ప్రమాదం ఉంది. తక్కువ ధరకు అమ్మే బీట్లు చాలావరకు ఒక్కరికే ఇచ్చేవి కావు, అదే బీట్‌ను ఎంతమందికైనా అమ్ముతారు. వాళ్లలో ఎవరో ఒకరు తమ పాటను ముందే కంటెంట్ ఐడీలోనో మానిటరింగ్ డేటాబేస్‌లోనో పెట్టి ఉంటారు. మీ పాటలో పల్లవికి ముందొచ్చే పదిహేను సెకన్ల సంగీతం వాళ్ల ముద్రతో కలుస్తుంది. ఖమ్మం కుర్రాడొకడి ర్యాప్ పాట మీద ఇలా ఎక్కడో బ్రెజిల్‌లోని పాట పేరున క్లెయిమ్ వచ్చింది. తప్పు ఇద్దరిదీ కాదు, ఇద్దరూ ఒకే బీట్ కొన్నారు. అలాంటి పాటలను కంటెంట్ ఐడీకి పంపకూడదన్న నియమం డిస్ట్రిబ్యూటర్ ఒప్పందంలోనే ఉంటుంది, ఎవరూ చదవరు. మీ తమ్ముడు వాద్యాలన్నీ సొంతంగా చేశాడన్నారు కాబట్టి ఈ గొడవ మీకు లేదు, లూపులు, అంటే బయట దొరికే రెడీమేడ్ సంగీతం ముక్కలు ఎక్కడైనా వాడాడేమో మాత్రం అడగండి.

డబ్బు పెట్టకుండా రేడియో ప్లేలను పసిగట్టే దారి ఒకటుంది. రేడియోలో తెలియని పాట వినిపిస్తే కొందరు షాజామ్ తెరుస్తారు. ఏ నగరంలో ఎన్నిసార్లు షాజామ్ చేశారో యాపిల్ మ్యూజిక్ ఫర్ ఆర్టిస్ట్స్‌లో కనిపిస్తుంది. మీరు ఏ ప్రచారమూ చేయని నగరంలో ఆ అంకె హఠాత్తుగా పెరిగిందంటే అక్కడ ఎక్కడో పాట మోగుతోందని అర్థం. ఇది రుజువు కాదు, ఆచూకీ. ఆ ఆచూకీ పట్టుకుని స్టేషన్‌కు ఫోన్ చేస్తే లాగ్ దొరకవచ్చు.

ఆకాశవాణి పద్ధతి వేరు. అక్కడ ఏ కార్యక్రమంలో ఏం వేశారో క్యూ షీట్లలో రాస్తారు, మర్యాదగా రాసి అడిగితే ప్రసార తేదీలు చెప్పినవాళ్లను చూశాను. కమ్యూనిటీ రేడియోలను కూడా చిన్నచూపు చూడకండి. జహీరాబాద్ ప్రాంతంలో 2008 నుంచి నడుస్తున్న సంగం రేడియో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని బోల్ హైదరాబాద్ వంటివి సినిమా పాటల మీద ఆధారపడినవి కావు. నిబంధన ప్రకారం కమ్యూనిటీ రేడియోలు ప్రసారం చేసిన కార్యక్రమాలను మూడు నెలలు భద్రపరచాలి. కాబట్టి ఆ గడువులో అడిగితే ఆధారం ఉంటుంది. వాటి నుంచి పెద్దగా డబ్బు ఆశించవద్దు.

లెక్క తెలిసింది సరే, డబ్బు?

ఇక్కడ మీరు నాలుగు టోపీలు పెట్టుకున్న మనిషి అని గుర్తుంచుకోండి: రచయిత, గాయకుడు, తమ్ముడితో కలిసి రికార్డింగు యజమాని, రచన హక్కులు చూసే పబ్లిషర్ ఎవరూ లేరు కాబట్టి ఆ పని కూడా మీదే. ఒక్కో టోపీకి ఒక్కో కిటికీ.

మాటలకు, బాణీకి ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, ఐపీఆర్ఎస్. 1969లో ముంబయిలో మొదలైంది, 2017లో కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదైంది. మీరు రచయితగా, తమ్ముడు స్వరకర్తగా ఎవరికి వారు చేరాలి. చేరడంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కాలేదు. ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి, వాటాలు ఇద్దరివీ కలిపి సరిగ్గా నూరు శాతం కావాలి. మీరు సగం అని రాసి, తమ్ముడు తన ఫారంలో అరవై అని రాస్తే ఆ పాట సొమ్ము వివాదంలో ఆగిపోతుంది. అన్నదమ్ములే కదా అని ఊరుకోకండి. పాట రికార్డు చేసిన రోజే ఒక కాగితం మీద వాటాలు రాసి సంతకాలు పెట్టుకోవడం మంచిది. పాతకాలపు జానపదాన్ని తీసుకుని చేసి ఉంటే దాన్ని సంప్రదాయ రచనగానే చూపించాలి. మీరు కొత్తగా రాసిన చరణాలకే మీ హక్కు. ఊరంతా పాడుకునే పల్లవిని తన పేరున రాయించుకున్నవాళ్లను చూశాను, తర్వాత తగవులూ చూశాను.

గాయకులుగా మీ హక్కుకు ఇసామ్రా అనే గాయకుల, వాద్యకారుల సంఘం ఉంది. మూడోది రికార్డింగు, అంటే మాస్టర్. మీలాంటివాళ్లకు రేడియో నుంచి ఏమీ రానిది ఎక్కువగా ఇక్కడే. పెద్ద లేబుళ్లు స్టేషన్లతో లైసెన్సులు మాట్లాడుకుంటాయి. ప్రైవేటు పాట తెచ్చిన కుర్రాడి చేతికి మాత్రం స్టేషన్ ఒక పత్రం ఇస్తుంది: 'ఈ పాటను ఎన్నిసార్లు ప్రసారం చేసినా నేను రుసుము అడగను.' ప్రచారం వస్తుంది కదా అని సంతకం పెట్టేస్తారు. పెట్టండి, నేనూ వద్దనను, కొత్తవాళ్లకు ఆ ప్రచారం విలువైనదే. కానీ పత్రంలో 'సౌండ్ రికార్డింగుకు మాత్రమే' అన్న మాట ఉండేలా చూడండి. ఐపీఆర్ఎస్‌లో చేరినప్పుడు మాటల, బాణీల ప్రసార హక్కులను సంఘానికి అప్పగించి ఉంటారు, వాటిని మళ్లీ స్టేషన్‌కు ఉచితంగా రాసిచ్చే అధికారం మీకు ఉండదు. పైగా 2012 కాపీరైట్ సవరణ చట్టం రచయిత, స్వరకర్తల రాయల్టీ వాటాను వదులుకునే ఒప్పందాలకు చాలా సందర్భాల్లో విలువ లేకుండా చేసింది. పత్రంలో 'ప్రతి నెలా ప్లే లాగ్ పంపగలరు' అని ఒక వాక్యం చేర్చమని అడగండి. డబ్బు ఇవ్వని స్టేషన్లు కూడా ఈ వాక్యానికి అభ్యంతరం చెప్పడం అరుదు, ఎందుకంటే వాళ్లకు అది రెండు క్లిక్కుల పని.

సౌండ్‌స్కాన్ సంగతి

అమెరికాలో 1991కి ముందు బిల్‌బోర్డ్ పత్రిక చార్టుల కోసం దుకాణాల వాళ్లకు ఫోన్ చేసి ఏది బాగా అమ్ముడవుతోందని అడిగేది. వాళ్లు చెప్పిందే వేదం. ఆ ఏడాది మే నెల నుంచి ఆల్బమ్ చార్టుకు సౌండ్‌స్కాన్ వారి బార్‌కోడ్ లెక్కలు తీసుకోవడంతో అప్పటిదాకా దుకాణదారులు పెద్దగా పట్టించుకోని కంట్రీ, ర్యాప్ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకి వచ్చాయి. రేడియో కోసం శబ్ద ముద్రలతో లెక్కపెట్టే బీడీఎస్ ఉండేది. చేతులు మారి, పేర్లు మారి ఆ అమ్మకాల లెక్కల సంస్థ 2022 నుంచి లూమినేట్ అనే పేరుతో నడుస్తోంది. అక్కడ సీడీలు అమ్మేవాళ్లకు యూపీసీ, ఐఎస్‌ఆర్‌సీలతో ఆల్బమ్‌ను నమోదు చేయడం అవసరం. మీకు ఇప్పుడు అది అక్కర్లేదు.

అక్కర్లేనిదే అయినా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మన పాటలు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ వింటారు. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్‌ఎం స్టేషన్లు రచయితకు, స్వరకర్తకు మాత్రమే చెల్లిస్తాయి, గాయకుడికీ రికార్డింగు యజమానికీ ఏమీ ఇవ్వవు. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలు మాత్రం సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ ద్వారా ఇస్తాయి: సగం రికార్డింగు యజమానికి, 45 శాతం ప్రధాన గాయకుడికి, 5 శాతం మిగతా కళాకారులకు. నమోదు ఉచితం, ఇండియాలో ఉండే చేసుకోవచ్చు. పాటను అలాంటి రేడియోలలో వేసి ఉంటే మీ పేరున కొద్దో గొప్పో జమై ఉండవచ్చు. తీసుకోని సొమ్మును ఎల్లకాలం దాచరు, మూడేళ్లు దాటితే చేజారే అవకాశం ఉంది. మాటలు, బాణీల సొమ్ముకు అక్కడి హక్కుల సంఘాలైన ఆస్కాప్, బీఎంఐలలో విడిగా చేరనక్కర్లేదు, ఐపీఆర్ఎస్‌కు విదేశీ సంఘాలతో పరస్పర ఒప్పందాలున్నాయి.

'ఇరవై స్టేషన్లలో ప్లే చేయించి రిపోర్టు ఇస్తాం', 'లక్ష స్ట్రీములు ఇంత' అని మెసేజ్‌లు పెట్టేవాళ్లు మీ దగ్గరికీ వచ్చే ఉంటారు. మొదటి రకం రిపోర్టులో స్టేషన్ పేరు, తేదీ, సమయం సెకన్లతో లేకపోతే అది ఎక్సెల్‌లో ఎవరైనా టైపు చేయగలిగిన కాగితం. రెండో రకం ఇంకా ప్రమాదం. దొంగ స్ట్రీములని తేలితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ అది మీ మీద వేస్తాడు, పాట తీసేస్తారు.

ఇక విజయవాడలో వినిపించిన పాట విషయం. మీ స్నేహితుడు ఏ స్టేషన్‌లో, ఏ రోజు, సుమారు ఏ సమయంలో విన్నారో ఈ రోజే అడిగి రాసుకోండి, ఇంకో వారమైతే ఆయనకే గుర్తుండదు. ఆ స్టేషన్ ప్రోగ్రామింగ్ హెడ్‌కు మెయిల్ రాయండి. ఫిర్యాదులా కాదు, పాట వేసినందుకు కృతజ్ఞతలు చెబుతూ, వివరాల పేజీ జతచేసి, 'మీ లైబ్రరీలో ఈ పాట వివరాలు ఇలా ఉన్నాయో లేదో చూసి, ఇప్పటివరకు వేసిన తేదీలు తెలియజేయగలరా' అని అడగండి. వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేసి లైబ్రరీ చూసేవాళ్లతో మాట్లాడతానని చెప్పండి. ఆ లోగా మీరిద్దరూ ఐపీఆర్ఎస్ ఫారాలు మొదలుపెట్టండి. పాన్, బ్యాంకు వివరాలు, విడుదలైన పాటల లింకులు దగ్గర పెట్టుకోండి. నాలుగు పాటల్లో దేనికైనా ఐఎస్‌ఆర్‌సీ ఎక్కడుందో దొరకకపోతే డిస్ట్రిబ్యూటర్ పేరును ఈ జవాబు కింద రాయండి, వాళ్ల డ్యాష్‌బోర్డులో ఏ పేజీలో చూడాలో చెబుతాను.